లైవ్ కోళ్ల ఎగుమతి సగటు ధరను ఎట్ల అర్థం చేసుకోవాలె?

హన్మకొండ_ఫారం
వాణిజ్య శాఖ ఎగుమతి లెక్కల్లో 0105 కోడ్ (బతికున్న పెంపుడు పక్షుల సరుకు నంబరు) తీసుకొని, విలువను సంఖ్యతో భాగించి చూస్తున్న. ఒక్కో పక్షికి వచ్చే ధర ఏడాదికేడాది బాగా ఎగిరి పడుతోంది. మన ఫారం రేటుతో దానికి పొంతన లేదు. రేటు పెరిగిన ఏడాది చూసుకొని పరకాల, హుజూరాబాద్ దిక్కు నుంచి రెండు కిలోల బ్రాయిలర్లను శంషాబాద్ మీదుగా గల్ఫ్‌కు పంపితే గిట్టుబాటు అవుతదా? తెలిసిన అన్నలు లెక్కతోని చెప్పాలె.

జమ్మికుంట_హ్యాచరీ
తమ్మీ, ఆ సగటు ధరకు ఎవరూ సరుకు కొనరు, అమ్మరు. 0105లో కోళ్లు, బాతులు, టర్కీలు, గిన్నె కోళ్లు అన్నీ కలిసే ఉంటయి. కనీసం ఆరంకెల కోడ్ దాకా దిగు. 0105.11 అంటే 185 గ్రాములు దాటని కోడిపిల్లలు, 0105.94 అంటే అంతకన్నా బరువున్న కోళ్లు. పొదిగే గుడ్లు 0407.11లో వేరే ఉంటయి.

ఇంత దిగినా 0105.11లో ఇంకో చిక్కు ఉంది. కమర్షియల్ పిల్ల (మాంసానికో గుడ్లకో పెంచేది), పేరెంట్ పిల్ల (ఆ పిల్లలను పుట్టించే బ్రీడర్ కోడిగా పెంచేది) రెండూ అందులోనే పడతయి. ఊహకు ఒక లెక్క తీసుకో. 40 రూపాయల కమర్షియల్ పిల్లలు లక్ష, 300 రూపాయల పేరెంట్ పిల్లలు 5 వేలు పోయినయి. మొత్తం 55 లక్షలు, సగటు 52 రూపాయల చిల్లర. మరుసటేడు కమర్షియల్ అంతే ఉండి, పేరెంట్ 20 వేలు పోతే మొత్తం కోటి, సగటు 83. ఏ పిల్ల ధరా పైసా పెరగలేదు, పట్టికలో మాత్రం దగ్గర దగ్గర 60 శాతం పెరిగినట్టు కనిపిస్తది. అందుకే సంఖ్య, విలువ, దేశం మూడూ పక్కపక్కన పెట్టి నెలవారీగా చూడాలె. ఒక్క దేశానికి ఒక్క నెలల తక్కువ సంఖ్య, ఎక్కువ విలువ కనబడితే అది చాలావరకు బ్రీడర్ సరుకే.

కార్గో_కాజీపేట
రవాణా లెక్క నేను చెబుతాను. విమానంలో అసలు బరువు, ఘనపరిమాణ బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. 6,000 ఘన సెంటీమీటర్లు ఒక కిలో కింద లెక్క. వంద పిల్లల పెట్టె 60×45×15 సెంటీమీటర్లు అనుకుంటే 6.75 కిలోలు. పిల్లకు 40 గ్రాముల చొప్పున, పెట్టెతో కలిపినా అసలు బరువు 5 కిలోలు దాటదు. కిలోకు 200 రూపాయలు అనుకుంటే పిల్లకు పదమూడున్నర. 40 రూపాయల పిల్లకు ఇది మూడో వంతు భారం, 300 రూపాయల పిల్లకు లెక్కలోకి రాదు. అదే రెండు కిలోల బ్రాయిలర్‌కు అసలు బరువు మీదే 400 పడుతుంది, పంజరం బరువు అదనం. కోడి ధర కన్నా కిరాయే ఎక్కువ. మాంసం కోళ్లు గల్ఫ్‌కు విమానంలో వెళ్లవు. నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియం మధ్య బతికున్న కోళ్ల వ్యాపారం అంత జరుగుతుందంటే, సరిహద్దు దాటి లారీలో కొద్ది గంటల్లోనే కోత కేంద్రానికి చేరుతాయి కాబట్టి.

గుడ్డు పగిలి బయటికి వచ్చినప్పటి నుంచి 72 గంటల వరకు పిల్ల కడుపులోని పచ్చసొన మీద బతుకుతుంది. ఈ గడువులో హ్యాచరీ పని, శంషాబాద్ దాకా దాదాపు 160 కిలోమీటర్ల రోడ్డు, కస్టమ్స్, విమానం, అవతలి ఫారం అన్నీ పూర్తవ్వాలి. పెట్టె లోపల 32 డిగ్రీల దగ్గర ఉండాలి. పిల్లలు నోరు తెరిచి ఒగరుస్తుంటే వేడెక్కినట్టు, ఒకదాని మీద ఒకటి పడి గుంపు కడితే చలి పెట్టినట్టు. పెట్టెల వరుసల మధ్య గాలి సందు వదలకపోతే నడుమ పెట్టెల్లోనే ఎక్కువ చస్తాయి.

పశువైద్యం_కరీంనగర్
కాగితాల్లో వరస తప్పితే పైన చెప్పిన లెక్కలన్నీ వృథా. మొదట కొనేవారి దేశం నుంచి దిగుమతి అనుమతి, దాని ఆరోగ్య షరతులు తెప్పించుకోండి. ఏ పరీక్షలు, ఎన్ని రోజులు విడిగా ఉంచాలి, కొక్కెర తెగులు టీకా వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ తర్వాతే నమూనాలు తీయించాలి. ముందే తీయిస్తే తేదీలు చెల్లక మళ్లీ చేయాల్సి వస్తుంది. హైదరాబాద్‌లోని కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రంలోని వాక్యాలు ఆ షరతులతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

బర్డ్ ఫ్లూ ముప్పును ధరలో కలపకుండా ఒప్పందం చేసుకోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు, మన రాష్ట్రం అక్కడి కోళ్ల లారీలను సరిహద్దు చెక్‌పోస్టుల్లోనే ఆపింది. వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు సోకిన ప్రాంతం, 10 కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం. కోళ్లను చంపి, శుద్ధి ముగించాక కనీసం 28 రోజులు గడిస్తేనే అంతర్జాతీయ నియమాల ప్రకారం వ్యాధి లేదని ప్రకటించుకోవచ్చు. కొనే దేశం అంతకన్నా ఎక్కువ కాలం నిషేధం ఉంచొచ్చు. కాబట్టి అడ్వాన్సు, పెట్టెలు, విమాన బుకింగ్ నష్టం ఎవరిదో ముందే రాసుకోండి.

హన్మకొండ_ఫారం
మంచిగ అర్థమైంది అన్నా. గల్ఫ్ ఆలోచన పక్కన పెడుతున్న. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ లారీల లెక్క ఎట్ల చూడాలె? ఒకాయన రామచిలుకలకు విదేశాల్లో మంచి రేటు అంటుండు, అది నిజమేనా?

జమ్మికుంట_హ్యాచరీ
రామచిలుక జోలికి అసలే పోకు. 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టుడు, అమ్ముడు రెండూ నేరం, ఎగుమతి మాటే లేదు.

లారీలకైతే తరుగు మీదనే ఉంది కథంత. 1,200 కోళ్లు, ఒక్కోటి 2 కిలోలు, దారిలో 4 శాతం తగ్గితే 96 కిలోలు పోయినట్టే. కిలో వంద ఉన్నా 9,600. తూకం ఫారం కాడనా, దిగిన కాడనా అన్నది రేటు కన్నా ముందు తేల్చుకో. చనిపోయినవి ఎవరి ఖాతానో కూడా. లిఫ్టింగ్‌కు, అంటే కోళ్లను పట్టి బండికి ఎక్కించుడుకు, ఐదారు గంటల ముందు దాణా ఆపు, నీళ్లు మాత్రం పట్టే వరకు ఉంచు. ఎండకాలం రామగుండం, మంచిర్యాల తొవ్వల పగలు బండి తోలనియ్యకు. రాత్రి ఎక్కించి తెల్లారేసరికి దించెటట్టు చూడు. క్రేటుకు 12 పట్టినా, ఏప్రిల్, మే నెలల్ల 10 కన్నా ఎక్కువ వెయ్యకు.