లైప్‌జిగ్‌లో రెండు రోజులు: కర్ణాటక సంగీతం విన్న చెవితో బాఖ్‌ని ఎలా వినాలి?

ప్రశ్న: విజయనగరం వయొలిన్

అందరికీ నమస్కారం. విజయనగరంలో ముప్పై ఏళ్లు పిల్లలకి వయొలిన్ పాఠాలు చెప్పాను. ఇప్పుడు అమ్మాయి దగ్గరికి బెర్లిన్ వచ్చాను, మే నెలాఖరు దాకా ఉంటాను. వచ్చే శుక్ర, శనివారాలు లైప్‌జిగ్ తీసుకెళ్తానంది. జర్మన్ స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750లో పోయేదాకా ఉన్న ఊరు. నిద్ర పట్టడం లేదంటే నమ్మండి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ వయొలిన్‌ని యూరప్ వాళ్ల పద్ధతిలో నేర్చుకుని మన పాటకి తెచ్చారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయించిన ఊరి నుంచి వచ్చి, ఆ వాయిద్యం పుట్టింటి వైపు వాళ్లు ఎలా వాయిస్తారో చూడకుండా ఎలా వెళ్తాను?

పెద్ద హాల్లో కచేరీకి వెళ్లాలా, చర్చిలో పాటకి వెళ్లాలా? చీరతో వెళ్తే ఫరవాలేదా? మోకాళ్ల నొప్పులున్నాయి, ఎక్కువ సేపు నిలబడలేను. అన్నిటికంటే ముఖ్యమైనది: తంబురా ఉండదు కదా, మరి శ్రుతి ఎక్కడ పట్టుకోవాలి? అమ్మాయి ఫోన్‌లో పెడితే విన్నాను. పది నిమిషాలకే షడ్జం, అదే 'స', ఎక్కడుందో తప్పిపోయింది.

జవాబు 1: లైప్‌జిగ్‌లో ఆరేళ్లుగా

నమస్కారం టీచర్ గారూ. ముందు చర్చి. టోమాస్‌కిర్ఖె అంటారు. శుక్రవారం సాయంత్రం 6కీ, శనివారం మధ్యాహ్నం 3కీ మోటెట్ అనే పాటల ప్రార్థన ఉంటుంది. 1212 నాటి బాలుర గాయక బృందం పాడుతుంది. బాఖ్ నేర్పించింది ఈ బృందానికే. బడి సెలవుల్లో వేరే బృందాలు వస్తాయి, కాబట్టి తేదీ ఒకసారి చూసుకోండి. ప్రోగ్రామ్ కాగితం కొనుక్కోవడమే టికెట్. మీరు వయొలిన్ వారు కాబట్టి శనివారం వదలకండి, ఆ రోజు వాద్యబృందంతో కలిసి బాఖ్ కాంటాటా, అంటే గొంతులూ వాద్యాలూ కలిసిన పెద్ద రచన, పాడతారు. త్వరగా వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. చీర హాయిగా కట్టుకోండి. రాతి కట్టడం, లోపల చల్లగా ఉంటుంది, శాలువా తీసుకెళ్లండి.

ఒక సంగతి ముందే చెప్తున్నాను. మీరు బలిపీఠం వైపు తిరిగి కూర్చుంటారు. పాడేవాళ్లు మీ వెనక, పైన గ్యాలరీలో, ఆర్గన్ అనే గొట్టాల పెద్ద వాయిద్యం దగ్గర ఉంటారు. తల తిప్పి చూడాలనిపిస్తుంది. చూడకుండా వినండి. ఇది ప్రార్థన కాబట్టి చప్పట్లు కొట్టరు.

శ్రుతి గురించి నాకు తెలిసినంత చెప్తాను, అమ్మ దగ్గర చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకున్నాను. మనకి షడ్జం కదలదు, దాని మీదే అంతా నడుస్తుంది. వీళ్లకి కింద ఉన్న స్వరం కూడా నడుస్తుంది. అందుకే తప్పిపోయినట్టు ఉంటుంది. పై గొంతుని వదిలేసి చెల్లో (వయొలిన్ కంటే పెద్దది, మంద్రంగా పలుకుతుంది), ఆర్గన్ ఎడమ చెయ్యి ఎటు వెళ్తున్నాయో పట్టుకోండి. ఫ్యూగ్ అనే రకం రచన వస్తే ఇంకా తేలిక. ఒక గొంతు పల్లవి ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటుంది. రెండోది అదే పల్లవిని పంచమం మీద ఎత్తుకుంటుంది, ఈలోగా మొదటిది ఆగకుండా వేరే దారిలో పోతూనే ఉంటుంది.

బయట 1908లో పెట్టిన బాఖ్ విగ్రహం ఉంది. కోటు ఎడమ జేబు బయటికి తిరగేసి ఉంటుంది, ఖాళీ జేబు. అది చూడకుండా రాకండి.

జవాబు 2: స్వరలహరి

ఆదివారం కూడా ఉండగలిగితే గోల్డ్‌ష్మిట్ వీధిలో స్వరకర్త మెండెల్‌సొన్ ఇంటికి వెళ్లండి. ఆయన 1847లో అక్కడే పోయారు. ఆదివారం ఉదయం 11కి అక్కడ చిన్న కచేరీ ఉంటుంది. బాఖ్ పోయాక ఆయన రాసిన మాథ్యూ ప్యాషన్ (క్రీస్తు చివరి ఘడియల కథని పాడే పెద్ద రచన)ని దాదాపు అందరూ మర్చిపోతే, 1829లో మీ అమ్మాయి ఉంటున్న బెర్లిన్‌లోనే మళ్లీ పాడించింది మెండెల్‌సొనే. యూదు కుటుంబంలో పుట్టారని 1936లో నాజీలు ఆయన విగ్రహం తీసేశారు. దాని నకలుని 2008లో టోమాస్‌కిర్ఖె పక్కనే నిలబెట్టారు. ఆ రెండు విగ్రహాలూ ఒకే రోజు చూస్తే బాగుంటుంది.

విజయనగరం వయొలిన్

ఇద్దరికీ చాలా థాంక్స్. శనివారం రాత్రి హోటల్ నుంచి రాస్తున్నాను.

నీలం గద్వాల చీర, శాలువా. గంట ముందే వెళ్లాం, కూర్చోవడానికి చోటు దొరికింది, మోకాళ్లకి ఇబ్బంది కాలేదు. మొదటి పాటకి మళ్లీ అదే టెన్షన్, షడ్జం దొరకలేదు. అప్పుడు మీరు చెప్పింది గుర్తొచ్చి పై గొంతులు వదిలేసి చెల్లో పట్టుకున్నాను. అది మెట్లు దిగుతున్నట్టు ఒక్కో స్వరం దిగుతోంది. దాంతో పాటు నేనూ దిగాను. పైన పిల్లల గొంతులు వాటంతట అవే అర్థమయ్యాయి. ఎంత దూరం తిప్పినా చివరికి బయల్దేరిన చోటికే తెచ్చి దింపారు, అప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వయొలిన్లు నాకు కనపడలేదు, వినపడ్డాయి అంతే. గమకం లేదు. ఒక్కో స్వరం వేలు కదలకుండా నిలబడింది. మా పిల్లలకి మొదటి ఏడాది సరళీ స్వరాలు అలా నిలబెట్టి వాయించమనే చెప్తాను, గమకం తర్వాత అని. ఇక్కడ ఆ నిలబెట్టడంలోనే అంతా ఉంది.

అయిపోయాక ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపు అలాగే కూర్చున్నారు. తర్వాత ముందుకి వెళ్లాం. బలిపీఠం ముందు నేల మీద బాఖ్ సమాధి, కంచు పలక, దాని మీద ఆయన పేరు. ఎవరో పూలు పెట్టి వెళ్లారు. నేను చెప్పులు విప్పి నిలబడ్డాను. పక్కనున్న పెద్దావిడ చూసి ఏమీ అనలేదు, తను కూడా చేతులు కట్టుకుని నిలబడింది.

బెర్లిన్ టికెట్ రేపు సాయంత్రానికి మార్చుకున్నాం. పొద్దున్న పదకొండుకి మెండెల్‌సొన్ ఇంటికి.