1994 టాటా మొబైల్ పికప్: ఇంటి దగ్గరే బాగుచేయాలా, పాత ఇనుముకి వేయాలా?

పూతలపట్టు మామిడి తోట

అందరికీ నమస్కారం. మా నాయన కొన్న టాటా మొబైల్ 206, 1994 మోడల్, ఏపీ 03 నంబరు. మామిడి సీజన్‌లో తోతాపురి కాయ మండీకి తోలింది, మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు, దాణా మోసింది. నాయన పోయాక చింతచెట్టు కింద నిలిచిపోయింది. ఇంజన్ జామ్ కాలేదు, చేత్తో తిప్పితే తిరుగుతోంది. రేకు పరిస్థితే ఘోరం. వెనక సామాను వేసే తొట్టి నేల జల్లెడైంది. డ్రైవర్ కాళ్ల కింద రేకు రాలిపోతోంది. డోర్ల కింది అంచులు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి.

నాకు గ్రైండర్ పట్టడం వచ్చు. సేద్యం పనిముట్లకి ఆర్క్ వెల్డింగ్ నేనే చేసుకుంటాను. షెడ్డులో పెట్టుకుని నిదానంగా బాగుచేసి, ఒకసారి తిరుమల కొండెక్కించాలని కోరిక. ఇంట్లో వాళ్లు మాత్రం పాత ఇనుముకి వేసెయ్ అంటున్నారు. మీరేమంటారు?

తిరుచానూరు రోడ్డు

తమ్ముడూ, మీ ఇంట్లో వాళ్ల మాటే నా మాట. నాయన జ్ఞాపకమంటే నాకూ గౌరవమే, కానీ రోడ్డు మీద ఎదురొచ్చేవాడికి ఆ జ్ఞాపకంతో సంబంధం లేదు. కాళ్ల కింద రేకు రాలిపోయిన క్యాబిన్ గుద్దుకుంటే ఎలా నలుగుతుందో ఆలోచించు.

పైగా నువ్వు కొండ అంటున్నావు. ఎక్కేది రెండో ఘాట్ రోడ్డులో, దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో. ఆ మలుపుల్లో దిగేటప్పుడు బ్రేకు మీదే ప్రాణం. ఏళ్లుగా నిలబడ్డ బండిలో బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది. బ్రేకు వేడెక్కగానే ఆ నీరు ఆవిరవుతుంది, పెడల్ నేలకి తగులుతుంది. ఇనుప బ్రేకు పైపులు బయటికి బాగానే కనబడతాయి, క్లిప్పు కింద తినేసి ఉంటాయి.

ప్రభుత్వం గుర్తించిన స్క్రాప్ సెంటర్‌కి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త బండి కొంటే పన్నులో రాయితీ ఇవ్వడానికి కేంద్రం నిబంధనలు వీలు కల్పించాయి: సొంత వాహనానికి 25 శాతం దాకా, రవాణా వాహనానికి 15 శాతం దాకా. కొత్తది వద్దంటే ఇనుము డబ్బుతో మంచి సెకండ్‌హ్యాండ్ పికప్ చూసుకో.

ఆటోనగర్ పాత చేయి

ఇద్దరూ రేకు గురించి మాట్లాడుతున్నారు. ఈ బండి సంగతి తేల్చాల్సింది చాసీ, అంటే బరువంతా మోసే కింది ఇనుప చట్రం. క్యాబిన్, తొట్టి రెండూ చాసీ మీద బోల్టులతో కూర్చున్నవి. రేకు మొత్తం పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. చాసీ పోతే మాత్రం తిరుచానూరు అన్న చెప్పిందే దారి. అది చూడకుండా ఉంచు అనడం, అమ్ము అనడం రెండూ తొందరే.

చూడటం కష్టమేం కాదు. ముందు బండిని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కింద పడుకోవద్దు. వైరు బ్రష్‌తో మట్టి, పెచ్చులు దులిపి, అరకిలో సుత్తితో చాసీ రెండు పట్టీల మీదా ముందు నుంచి వెనక్కి జానెడుకొక దెబ్బ వేసుకుంటూ రా. మంచి ఇనుము ఖంగుమంటుంది. తినేసిన చోట దబ్బుమని మొద్దు శబ్దం వస్తుంది, పెచ్చులు రాలతాయి. అనుమానమున్న చోట పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడువు. ముఖ్యంగా చూడాల్సినవి వెనక కమాన్ కట్టలు (స్ప్రింగ్ పట్టీలు) వేలాడే బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, అడ్డ పట్టీలు చాసీని కలిసే మూలలు. ఆ తరవాత తొట్టి కింద దాగిన చాసీ పై అంచు. ఇది పైనుంచి కనబడదు, తొట్టి బోల్టులు విప్పి ఎత్తాల్సిందే.

ఎరువులు మోసిందన్నావు కాబట్టి ఆ పై అంచు గురించే నాకు ఎక్కువ టెన్షన్. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఒక రకం ఉప్పు. చిరిగిన బస్తాలోంచి రాలి రేకు సందుల్లో దిగితే మామూలుగా కడిగితే పోదు. తేమ పీల్చుకుంటూ వాన లేని రోజుల్లోనూ తుప్పుని నడిపిస్తుంది. దానికి మామిడి రసం పులుపు తోడైంది. సముద్రపు గాలి తగలని ఊళ్లో బండి ఇంతగా తినేయడానికి కారణం ఇదే అయ్యుంటుంది. పైన చింతాకు రాలి డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసేసి ఉంటుంది. అందుకే డోర్లు కింద నుంచి పోయాయి.

చాసీ బాగుంటే రేకు పని ఇంటి దగ్గర నిక్షేపంగా చేసుకోవచ్చు. కానీ ఆర్క్ వెల్డింగ్ వద్దు. నాగలికి, గేటుకి పనికొచ్చే ఆ వేడికి క్యాబిన్ రేకు కరిగి బొక్క పడుతుంది. ఆ బొక్క పూడ్చబోతే ఇంకా పెద్దదవుతుంది. రాడ్డుకి బదులు సన్న తీగతో అతికే సీఓటూ వెల్డింగ్ మిషన్ అద్దెకి తెచ్చుకో. గీత గీసినట్టు ఒకే దమ్మున లాగకు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ, చల్లారనిస్తూ కలుపు, లేకపోతే రేకు అలలు తేలుతుంది. కుళ్లిన రేకు మీద కొత్త ముక్క అతికించడం పని కాదు. గట్టి రేకు తగిలేదాకా కోసేసి అక్కడ నుంచి కట్టాలి. వెల్డింగ్ ముందు బ్యాటరీ వైర్లు తీసెయ్, డీజిల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి కూడా అంటుకుంటుంది, ట్యాంకు మీద మాత్రం వెల్డింగ్ రాడ్డు పెట్టనే వద్దు.

ఇక చాసీకి వెల్డింగ్ అవసరమైతే అది ఇంట్లో చేసేది కాదు. పట్టీ పై అంచుకీ కింది అంచుకీ బరువు ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ అడ్డంగా ఒక వెల్డింగ్ గీత వేస్తే కొన్నాళ్లకి ఆ గీత పక్కనే చీలిక మొదలవుతుంది. తెలిసినవాళ్లు పక్క గోడకి ప్లేటు వేస్తారు, దాని చివరలు ఏటవాలుగా కోస్తారు. ఆ పని చాసీ పనే చేసేవాళ్ల చేతిలో పెట్టు.

చంద్రగిరి కోట వీధి

పాత చేయి అన్న మాటకి నాదొక సాక్ష్యం. నేను పాత పికప్ కొన్నప్పుడు బయట నుంచి తళతళలాడుతోంది. డోరు కింద పెయింట్ మీద పెసరగింజంత బుడగ. గోకి చూస్తే వేలు మందాన పుట్టీ. పుట్టీ ఊడగొడితే లోపల కోళ్ల గూటికి వేసే వలముక్క, దాని వెనక గోనెసంచి, దాని వెనక ఉండచుట్టిన పాత పేపరు. పేపరు ఇంకా తడిగానే ఉంది. ఇనుము అక్కడ లేనే లేదు. డబ్బులు తీసుకుని ఇలాంటి పని చేసిన షాపు ఉంది కాబట్టే ఎవరి బండి వాళ్లు చేసుకోవాలంటాను నేను. మన చేత్తో కోసిన చోట ఏముందో మనకి తెలుస్తుంది.

ఒక సందేహం. తుప్పు రంగు అలాగే ఉంచి పైన క్లియర్ కోటు కొడితే అందంగా ఉంటుందని కొందరు కుర్రాళ్లు చేస్తున్నారు. అది నిలుస్తుందా? ఇంకొకటి, బొలెరో ఇంజన్, పవర్ స్టీరింగ్ ఎక్కిస్తే కొండెక్కడం సులువు కదా?

పలమనేరు ట్రాన్స్‌పోర్ట్

కాగితాల సంగతి నేను చెబుతాను, అందరూ అది చివరికి పెట్టుకుని ఇబ్బంది పడతారు.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల గురించి వచ్చే వార్తలు చూసి భయపడొద్దు. అది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతం నిబంధన, మన రాష్ట్రానికి లేదు. మనకి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ముఖ్యం. పసుపు బోర్డు బండైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఎఫ్‌సీ చేయించాలి. తెల్ల బోర్డైతే 15 ఏళ్ల తరవాత ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్. 15 ఏళ్లు దాటిన బండ్లకి 2022 ఏప్రిల్ నుంచి ఫీజులు బాగా పెంచారు. ఇప్పుడు ఎంతుందో కనుక్కుని, పాత పన్ను బాకీ ఉందేమో చూసుకుని, ఆ తరవాతే రేకు కొను. ఆర్సీ రద్దయిపోయిన బండికి పెయింట్ వేయించి ఆర్టీవో ఆఫీసు గేటు దగ్గర ఏడ్చినవాళ్లని చూశాను.

ఇంజన్ మార్పిడి అడిగారు. ముందుగా అనుమతి లేకుండా మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఉన్న ఇంజన్‌నే బోరు చేయించుకోండి. టాటా సియెర్రాలో, మొదటి సుమోల్లో వచ్చిన 1948 సీసీ ఇంజనే ఇది. మద్రాసు పుదుపేటలో వెతికితే సామాన్లు దొరుకుతాయి.

వింటేజ్ కింద రిజిస్టర్ చేద్దామనీ అనుకోవద్దు. 2021 నిబంధనల్లో దానికి 50 ఏళ్లు నిండాలి. 1994 బండికి అది 2044లో వస్తుంది. వచ్చినా రోజూ తిప్పడానికి, కిరాయికి కుదరదు.

గ్రైండర్ పట్టుకునే ముందు చాసీ నంబరు ఎక్కడ కొట్టి ఉందో వెతికి, దాని మీద టేపు అతికించు. ఎఫ్‌సీ రోజు ఆ నంబరు చూస్తారు. తుప్పుతో పాటు నంబరూ అరిగిపోతే బండి ఎంత బాగున్నా ఎవరూ ఏమీ చేయలేరు.

ఆటోనగర్ పాత చేయి

చంద్రగిరి తమ్ముడికి: క్లియర్ కోటు కింద తుప్పు చావదు. తుప్పు పొరలోనే తేమా ఉప్పూ ఉంటాయి, మూతపెడితే లోపలే తింటుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటు చాలదు, ఉబ్బుతుంది. రెండు రేకులు కలిపిన అతుకు పెదవి విప్పుకోవడం అందుకే. మొత్తం గీకి, మిగిలిన నల్ల మచ్చలకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ రాయి, దాని డబ్బా మీద చెప్పినట్టు తుడిచి బాగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ కొట్టు. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక్కటే వేసి నెలలు వదిలేయొద్దు, అది నీళ్లు పీలుస్తుంది. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, కాబట్టి గీకేటప్పుడు మంచి మాస్కు పెట్టుకో, పిల్లల్ని షెడ్డులోకి రానివ్వకు.

పని ఎప్పుడు చేయాలనేది కూడా ముఖ్యమే. మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ రోజుల్లో పొద్దున గీకిన ఇనుము సాయంత్రానికి ఎర్రబడుతుంది. వానల్లో విప్పడం, కోయడం, కొలతలు చూసుకో. ప్రైమర్, పెయింట్ ఫిబ్రవరిలో పెట్టుకో. మే ఎండలో కొడితే పెయింట్ పరుచుకునేలోపే ఆరి గరుకుగా తేలుతుంది.

కీళ్లు, బ్రాకెట్లు లాంటి చిన్న సామాన్లకి చాకలి సోడా నీళ్లలో బ్యాటరీ చార్జర్ పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో సామాను మైనస్‌కి, పాత ఇనుప ముక్క ప్లస్‌కి కట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం కట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టు, దగ్గర బీడీ ముట్టించొద్దు. కమాన్ కట్టలు అందులో వేయకు, గట్టి ఉక్కు పెళుసెక్కుతుంది.

వాడేసిన ఇంజన్ ఆయిల్ చాసీకి కొట్టమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ఒప్పుకోను. రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, బ్రేకు లైనింగ్ మీద పడితే బ్రేకు జారుతుంది, కారిందంతా నీ తోట నేలలోకే పోతుంది.

పూతలపట్టు మామిడి తోట

తొట్టి ఇంకా ఎత్తలేదు, బోల్టులు కోయాల్సి వచ్చేలా ఉంది. సుత్తి దెబ్బలు వేశాను. ముందు భాగమంతా ఖంగుమంటోంది, స్టీరింగ్ బాక్సు దగ్గర కూడా. వెనక కుడివైపు కమాన్ బ్రాకెట్ దగ్గర మాత్రం మొద్దు శబ్దం. పొడిస్తే స్క్రూడ్రైవర్ మొన దిగింది. ఎడమవైపు పెచ్చులు రాలాయి గానీ లోపల గట్టిగా ఉంది. బండి పసుపు బోర్డే. ఆర్సీ ఇంట్లోనే ఉంది, పన్ను సంగతి కనుక్కోవాలి.

తిరుచానూరు రోడ్డు

స్క్రూడ్రైవర్ దిగిందంటే నా మాట నిజమైనట్టే కదా. వెనక బ్రాకెట్ ఊడితే వెనక యాక్సిల్ పక్కకి తిరుగుతుంది. లోడుతో ఉన్న బండి పల్టీ కొట్టడానికి అది చాలు. 2021 నవంబర్ వరదల్లో తిరుపతిలో నీళ్లలో నిలిచిన బండ్లని పైపైన కడిగి అమ్మినవాళ్లున్నారు, కొన్నవాళ్ల అవస్థలు నేను చూశాను. యాక్సిల్ గాలి గొట్టంలోంచి నీళ్లు దిగి లోపలి ఆయిల్ తెల్లగా మారిపోయిన సంగతి బేరింగులు అరిచేదాకా వాళ్లకి తెలియలేదు. పాత బండి పైకి చెప్పేది ఒకటి, లోపల జరిగేది ఒకటి. దాచుకోవాలంటే దాచుకో తమ్ముడూ, తోటలో నడుపుకో. కాయలు ఎత్తి హైవే ఎక్కించొద్దు.

ఆటోనగర్ పాత చేయి

లోడు వద్దన్నదానికి నేనూ ఒప్పుకుంటాను, ఆ బ్రాకెట్ బాగుపడేదాకా. ఒక చోట దిగినంత మాత్రాన చాసీ పోయిందనను. బ్రాకెట్ రివెట్లు కొట్టి తీసి, వెనక ఉన్న పట్టీ గోడ మందం చూడాలి. గోడ బాగుండి బ్రాకెట్టే కుళ్లిందంటే కొత్తది బిగిస్తారు, పెద్ద పని కాదు. గోడ కూడా పోయిందంటే మాత్రం తిరుచానూరు అన్న వైపు వచ్చేస్తాను, అప్పుడు స్క్రాప్‌కి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకో.

కాబట్టి తమ్ముడూ, క్యాబిన్ రేకు ముట్టుకోకు, మిషన్ అద్దెకి తేకు. బోల్టులు కోసి తొట్టి ఎత్తు, ఆ కుడి బ్రాకెట్ పైనా కిందా వైరు బ్రష్ వేసి ఫోటోలు పెట్టు. పక్కన పాత రూపాయి బిళ్ల ఒకటి ఉంచితే తినేసింది ఎంతమేరో మాకు అందుతుంది. బ్రేకు పైపులు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, వీల్ సిలిండర్లు మాత్రం బాగున్నా బాగోకపోయినా అన్నీ కొత్తవే. వాటిలో బేరం లేదు.

పూతలపట్టు మామిడి తోట

సరే అన్నా. ఆదివారం మా పెదనాన్న కొడుకు కటింగ్ మిషన్ తెస్తానన్నాడు, తొట్టి ఎత్తుతాం. పలమనేరు అన్నా, చాసీ నంబరు దొరికింది, టేపు అతికించేశాను. మొదటి రెండు అక్షరాలు మసకగా ఉన్నాయి, ఎఫ్‌సీకి ముందే ఏమైనా చేయించుకోవాలా?

పలమనేరు ట్రాన్స్‌పోర్ట్

గీకొద్దు, కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి చూడు. అప్పటికీ చదవలేకపోతే ఆర్సీ తీసుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి, పని మొదలుపెట్టకముందే లిఖితపూర్వకంగా అడుగు. సొంతంగా పంచ్ కొట్టించావంటే దొంగబండి కింద లెక్కకడతారు.