తొలితరం సోవియట్ జెట్ విమానాల డైకాస్ట్ (పోత లోహపు) మోడళ్లు: టీయూ-104తో మొదలుపెడితే ఏ స్కేలు మంచిది?

మెటల్ రెక్కలు (హైదరాబాద్):
ఇన్నాళ్లూ బోయింగ్, ఎయిర్‌బస్ మోడళ్లే కొంటూ వచ్చాను. ఇప్పుడు అల్మారాలో ఒక అర మొత్తం సోవియట్ జెట్లకే కేటాయించాలని ఉంది. మొదటిది టీయూ-104 (టుపొలెవ్) అని తేల్చుకున్నాను. బ్రిటన్ వాళ్ల ప్రయాణికుల జెట్ కామెట్ 1954లో ఆగిపోయాక, 1956 సెప్టెంబరు నుంచి 1958 అక్టోబరు దాకా ప్రపంచం మొత్తమ్మీద ప్రయాణికులతో తిరిగిన జెట్ ఇదొక్కటే. అసలు విమానంలో రెండు వందలో వంతు ఉండే 1:200 తీసుకోనా, నాలుగు వందలో వంతు ఉండే 1:400 తీసుకోనా? చేత్తో పట్టుకుని చూసినవాళ్లు చెప్పండి.

వాల్తేరు విహంగం:
ముందు లెక్క చూసుకోండి. టీయూ-104ఏ పొడవు సుమారు 39 మీటర్లు. అంటే 1:400లో పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ, 1:200లో పందొమ్మిదిన్నర. నా ఓటు 1:200కే. ఈ విమానం అందమంతా ముక్కులోనే ఉంది. టీయూ-16 బాంబర్‌ని మార్చి చేశారు కాబట్టి నావిగేటర్ కూర్చునే గాజు ముక్కు అలాగే ఉండిపోయింది. చిన్న స్కేల్లో ఆ గాజు పలకలు ప్రింట్ చేసిన గీతలుగా మిగులుతాయి. పెద్దదాంట్లో ఫ్రేము విడిగా తెలుస్తుంది, ముక్కు కింద రాడార్ ఉబ్బు కూడా సరిగ్గా కుదురుతుంది. రెక్కల మీద చూడండి, ఒక్కోదానికి రెండేసి నిలువు పలకలు ఉండాలి. అవి మందంగా ఉంటే మోడల్ మొత్తం మొరటుగా కనిపిస్తుంది.

బేగంపేట బాబాయ్:
మెటల్ రెక్కలు తమ్ముడూ, స్థలం సంగతి కూడా ఆలోచించుకో. ఇవాళ టీయూ-104 అంటావు, రేపు ఇంకో సోవియట్ జెట్ ఐఎల్-62 కావాలనిపిస్తుంది. అది 53 మీటర్ల విమానం, 1:200లో అడుగుకి కొంచెం తక్కువ. నా అరలో అందుకే అన్నీ 1:400. పక్కపక్కన పెట్టినప్పుడు ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియాలంటే స్కేలు ఒక్కటే ఉండాలి. రష్యాలో పత్రికతో పాటు అమ్మిన మోడళ్లు చవకే కానీ, పెట్టెకు సరిపోయేలా ఒక్కోదాన్ని ఒక్కో స్కేల్లో చేశారు. వాటిని వీటితో కలిపితే కంటికి ఇబ్బందే.

ప్రాగ్ నుంచి:
మెటల్ రెక్కలు గారూ, సోవియట్ ప్రభుత్వ విమాన సంస్థ ఏరోఫ్లోట్ రంగులే కావాలని పట్టుబట్టకండి. సోవియట్ బయట టీయూ-104ని నడిపిన ఎయిర్‌లైన్స్ చెకోస్లొవాక్ వాళ్లది ఒక్కటే. ఆ విమానాల్లో ఓకే-ఎల్‌డీఏ అనే రిజిస్ట్రేషన్ నంబరున్నది ఇక్కడ ప్రాగ్ శివారు క్బెలీ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. కింద నిలబడి చూస్తే ఇంజన్లు రెక్క మొదట్లో శరీరానికి ఎంత అతుక్కుని ఉన్నాయో తెలుస్తుంది. చక్రాలు వెనక్కి ముడుచుకుని దూరే తొట్లు రెక్క వెనక అంచు దాటి పొడుచుకొస్తాయి. మోడల్ కొనేముందు నేను మొదట చూసేది ఆ తొట్లనే. వాటి ఆకారం తప్పితే ఎంత మంచి పెయింట్ వేసినా అది టీయూ-104లా ఉండదు.

ఉక్కునగరం:
రంగుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. రిజిస్ట్రేషన్ నంబరు చదవడం అలవాటు చేసుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది. సోవియట్ నంబర్లలో మొదటి రెండంకెలు విమానం రకాన్ని చెప్తాయి. 42 అంటే టీయూ-104, 45 అంటే టీయూ-124, 65 అంటే టీయూ-134. 1950ల చివరిదాకా మాత్రం ఎల్ అక్షరం, దాని పక్కన నాలుగంకెలు ఉండేవి. ఏరోఫ్లోట్ అన్ని విమానాలకూ ఒకే తరహా నీలి గీత తెచ్చింది 1973లో. ఎల్ నంబరున్న మోడల్ మీద ఆ నీలి గీత కనిపిస్తే తయారుచేసినవాళ్లు రెండు కాలాలను కలిపేశారన్నమాట.

మెటల్ రెక్కలు:
ఇది నాకు చాలా ఉపయోగం అన్నా. టీయూ-124కీ 104కీ ఫొటోలో తేడా ఎలా పట్టాలి? నాకు రెండూ ఒకేలా ఉన్నాయి.

ఉక్కునగరం:
ఆకారం దాదాపు ఒకటే, టీయూ-124ని కుదించి చేశారు. పొడవు ముప్ఫయ్యిన్నర మీటర్లు, 1:400లో ఏడున్నర సెంటీమీటర్లు. అమ్మేవాళ్లని కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయమనండి. ఇంజన్లు కూడా సన్నగా ఉంటాయి, ఎందుకంటే అవి 104 ఇంజన్ల కన్నా చిన్నవి. మన వాయుసేన వీఐపీల కోసం వాడినవి ఈ 124లే. 1977 నవంబరులో జోర్హాట్ దగ్గర కూలినప్పుడు ప్రధాని మొరార్జీ దేశాయ్ అందులోనే ఉన్నారు. ఆయన బతికారు, సిబ్బంది ఐదుగురు చనిపోయారు. వాయుసేన రంగుల్లో 124 చేసి పెట్టుకోవడం నా పెద్ద కోరిక. డెకాల్స్ (మోడల్ మీద అతికించే గుర్తులు) సొంతంగా గీయిస్తున్నాను.

బేగంపేట బాబాయ్:
మన ఊరికి సంబంధించింది ఒకటుంది. 1993 జనవరిలో పైలట్ల సమ్మె వల్ల ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉజ్బెకిస్తాన్ నుంచి టీయూ-154 అద్దెకు తెచ్చింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఆ విమానం ఢిల్లీలో పొగమంచులో దిగుతూ తలకిందులైంది. లోపలున్న అందరూ ప్రాణాలతో బయటపడ్డారు! తొలితరం కాకపోయినా నా వరసలో చివర టీయూ-154ని అందుకే ఉంచాను.

మెటల్ రెక్కలు:
ధర సంగతి? బయటి నుంచి తెప్పిస్తే తడిసి మోపెడవుతుందంటున్నారు.

ప్రాగ్ నుంచి:
అవును. ఇండియాలో ఇలాంటి మోడళ్లను బొమ్మల కిందే లెక్కేస్తారు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. దాని మీద సర్‌చార్జి, జీఎస్టీ. రష్యా అమ్మకందారుల దగ్గర 2022 నుంచి వీసా, మాస్టర్ కార్డులు పనిచేయడం లేదు. ఇండియాలోనే ఎవరి దగ్గరైనా సెకండ్ హ్యాండ్ దొరికితే వదలొద్దు.

వాల్తేరు విహంగం:
సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం జాగ్రత్త. పాత జింక్ పోతలో సీసం లాంటి మలినాలుంటే లోహం లోపలి నుంచే ఉబ్బి పగులుతుంది, దానికి మందు లేదు. నాకు ఒకాయన పంపిన మోడల్‌కి రెక్క మొదట్లో వెంట్రుకంత చీలిక ఉంది, ఫొటోల్లో ఆ వైపు చూపించలేదు. వేసవి దాటేసరికి రెక్క వంగిపోయింది. మా దగ్గర సముద్రపు గాలి, తేమ ఎక్కువ. గాజు తలుపుల అల్మారాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారగానే మారుస్తాను. పెట్టెలో వచ్చిన స్పాంజిలో ఏళ్ల తరబడి ఉంచకండి, అది బంకలా కరిగి పెయింట్‌కి అంటుకుంటుంది.

మెటల్ రెక్కలు:
బెంగళూరులో ఒకరు చెకోస్లొవాక్ రంగుల టీయూ-104, 1:200 అమ్ముతున్నారు. పై నుంచి తీసిన ఫొటోలే పెట్టారు. కింది వైపు, చక్రాల తొట్లు, రెక్క మొదలు దగ్గరగా తీసి పంపమని ఇప్పుడే అడిగాను. రాగానే ఇక్కడ పెడతాను, అందరూ ఒకసారి చూసి చెప్పండి.

ప్రాగ్ నుంచి:
పెట్టండి. క్బెలీలో నేను తీసిన ఫొటోలు ఉన్నాయి, పక్కన పెట్టి పోల్చుదాం.