యాంప్ శక్తి ముందు స్పీకర్లకా, వెనుక స్పీకర్లకా?

పెన్నా ఒడ్డు (అనంతపురం):
మా కారులో ముందు తలుపులకు 60 వాట్ల ఆర్ఎంఎస్ (ఆగకుండా తట్టుకోగల శక్తి) కాంపొనెంట్ స్పీకర్లు, వెనుక పార్సెల్ ట్రేలో 90 వాట్ల ఓవల్ స్పీకర్లు ఉన్నాయి. విద్యుత్ నిరోధం చూస్తే అన్నీ 4 ఓమ్స్‌వే. సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం వస్తుందన్నది) ముందువాటికి 88 డెసిబెల్స్, వెనుకవాటికి 91 అని పెట్టెల మీద ఉంది. చానెల్‌కు 75 వాట్లిచ్చే నాలుగు చానెళ్ల యాంప్ (స్పీకర్లకు శక్తి పెంచి ఇచ్చే యాంప్లిఫయర్) కొన్నాను. దాన్ని బ్రిడ్జ్ చేసి (రెండేసి చానెళ్లను ఒకటిగా కలిపి) మొత్తం శక్తిని ఓవల్ స్పీకర్లకే ఇచ్చి, ముందువాటిని స్టీరియోకే వదిలేయమని దుకాణంలో అంటున్నారు. ఇది సబబేనా? సబ్‌వూఫర్ (మంద్రమైన బాస్ శబ్దాలకే ఉండే పెద్ద స్పీకరు) పెట్టే ఉద్దేశం లేదు.

హంద్రీ గట్టు (కర్నూలు):
దుకాణం వారి మాట సబబే. సబ్‌వూఫర్ లేని కారులో బాస్‌కు ఆధారం ఆ ఓవల్ స్పీకర్లే. డిక్కీ అంతా వాటికి డబ్బాగా పనిచేస్తుంది. తలుపుల్లోని చిన్న స్పీకర్లకు ఎంత శక్తి ఇచ్చినా ఆ నిండుదనం రాదు. స్టీరియో మీద చానెల్‌కు 50 వాట్లని రాసే ఉంటుంది, ముందువాటికి అది చాలదా? పైగా మనం కారు తీసేది ఇంటిల్లిపాదీ వెళ్లడానికి; వెనుక కూర్చున్న పెద్దవాళ్లకు పాట వినపడాలి కదండీ.

గండికోట లోయ (కడప):
హంద్రీ గట్టు గారూ, ఆ 50 వాట్ల దగ్గరే నాకు పేచీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్టీరియో లోపలి చిప్ సాధారణంగా ఆ వోల్టేజీని పెంచుకోలేదు కనుక, 4 ఓమ్స్ స్పీకరుకు అది శుభ్రంగా ఇవ్వగలిగింది లెక్క ప్రకారమే 26 వాట్లకు మించదు. ఆచరణలో 20కి అటూ ఇటూ. తరంగం కొసలు పూర్తిగా తెగి చతురస్రంగా మారితే మాత్రం అదే లెక్క 52 దగ్గరికి వస్తుంది. పెట్టె మీది 50 ఆ రకం అంకె, పాట పాడైపోయాక వచ్చే శక్తి!

రెండోది సెన్సిటివిటీ. 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకరు సగం శక్తితోనే అంత శబ్దం ఇస్తుంది. ముందువాటికి 60 వాట్లిస్తే వెనుకవాటికి 30 సరిపోతాయి. అలాంటిది వెనక్కే బ్రిడ్జ్ చేస్తే, గాయకుడు డ్రైవరు మెడ వెనుక నుంచి పాడినట్టుంటుంది. బ్రిడ్జ్ చేసిన ప్రతి చానెల్ మీదా 4 బదులు 2 ఓమ్స్ భారం పడి కరెంటు ఎక్కువ పారుతుంది. మన ఎండల్లో సీటు కింది యాంప్ వేడెక్కి ఆగిపోవడానికి అది చాలు.

ముందు చానెళ్లు ముందుకు, వెనుకవి వెనక్కి కలపండి. స్పీకర్లు విప్పి, 1000 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్టీరియో శబ్దాన్ని ముప్పాతిక దాకా పెంచి, మల్టీమీటర్‌ను ఏసీలో ఉంచి యాంప్ గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలో నిర్ణయించే మీట) తిప్పండి: ముందు 15.5 వోల్టులు, వెనుక 11 (4 ఓమ్స్ దగ్గర అవి 60, 30 వాట్లు). ముందువాటికి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాలను ఆపేది) పెట్టి, బాస్ కోసం వెనుకవాటిది 50 దగ్గర వదిలేయండి.

హంద్రీ గట్టు:
స్టీరియో లెక్క ఒప్పుకుంటాను. 88, 91ల పోలిక మీద మాత్రం సందేహం. కొందరు 1 వాట్ దగ్గర కొలుస్తారు, కొందరు 2.83 వోల్టుల దగ్గర. 4 ఓమ్స్ స్పీకరుకు 2.83 వోల్టులంటే 2 వాట్లు, అంటే ఊరికే 3 డెసిబెల్స్ ఎక్కువ కనిపిస్తుంది. కొలత తెలియకుండా వెనుక 11 వోల్టులకే కట్టేస్తే, హైవే మీద టైర్ల రొదలో బాస్ పూర్తిగా మునిగిపోతుంది.

గండికోట లోయ:
గట్టి ప్రశ్న వేశారు. పెన్నా ఒడ్డు గారూ, పెట్టెల మీద ఏముందో చూడండి. వెనుకవి 2.83 వోల్టుల దగ్గర, ముందువి 1 వాట్ దగ్గర కొలిచినవైతే నాలుగింటికీ 15.5 వోల్టులే పెట్టండి. 90 వాట్ల స్పీకరుకు 60 ఏమీ భారం కాదు. అప్పుడైనా బ్రిడ్జ్ చేయడానికి కారణం నాకు కనిపించదు.

పెన్నా ఒడ్డు:
చూశాను. వెనుకవాటి మీద 2.83 వోల్టులని, ముందువాటి మీద 1 వాట్ అని ఉంది. నాలుగు చానెళ్లూ విడివిడిగానే కలిపిస్తాను.

హంద్రీ గట్టు:
అలాగే చేయండి. ఫేడర్‌ను (ముందు, వెనుక శబ్దాల పాళ్లు మార్చేది) మాత్రం డ్రైవరు సీట్లో కూర్చుని ఒకసారి, వెనుక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఇంకోసారి సరిచూసుకోండి.