మార్చి 28 నబోకొవ్ కుటుంబం సాయంత్రం: పనుల పంపకం (పోస్టర్ గురువారంలోగా)

విజయనగరం (సెక్రటరీ):
అందరికీ నమస్కారం. విప్లవంలో రష్యా వదిలి మన బెర్లిన్‌కొచ్చిన నబోకొవ్ కుటుంబం మీద మన సభ కదా, దాని పోస్టర్ గురువారం ప్రింటుకి వెళ్ళాలి. అందుకని పనులన్నీ ఒకచోట పెడుతున్నాను, ఎవరి పని వాళ్ళు చూసుకోండి.
హాలు తాళాలు, కుర్చీలు: నేను
స్లైడ్లు, ప్రసంగం: తెనాలి మాస్టారు
పిల్లల ఏకాంకిక, రెండు రంగాలు (పీటర్స్‌బర్గ్ ఇల్లు, ఓడ ఎక్కడం): ఓరుగల్లు
దొరసాని గౌన్లు, అద్దెకి: కర్నూలు అక్క
పులిహోర, మిర్చి బజ్జీ, సమోవర్: నెల్లూరు
లెక్కలు: కాకినాడ బావగారు. మైకు ఎప్పటిలా ఆయనకి మాత్రం ఇవ్వకండి.

నెల్లూరు:
సమోవర్ యాడ తెచ్చేదబ్బయా? ఉగాదికి వాడిన టీ బాయిలర్ ఉండాది. మూత సొట్టబోయింది కానీ దూరం నుంచి చూస్తే సమోవరే అనుకుంటారు.

ఓరుగల్లు:
ఓడ మీద అమ్మానాన్న, ఐదుగురు పిల్లలు, మొత్తం ఏడుగురుండాలె. నాకు దొరికింది నలుగురు పోరగాళ్ళు. ఓల్గాని, కిరిల్‌ని తీసేస్తున్న. సరేనా మాస్టారూ?

తెనాలి:
కిరిల్ కడగొట్టువాడమ్మా, వాణ్ణి సెవస్తపోల్ రేవులో వదిలేసి వస్తామా? పిల్లల్ని వెతుకు.

విజయనగరం:
ఒక్క నిమిషం ఆగండి. హాలు వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రష్యాకి సంబంధించిన సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రస్తుతం హాలు ఇవ్వడం లేదట. మన బుకింగ్ రద్దు. రెండంటే రెండే లైన్లు. పోస్టర్ నమూనా నిన్న వాళ్ళకి పంపాం కదా, దాని మీద ‘ఒక రష్యన్ దొరల కుటుంబం – విప్లవం, ప్రవాసం’ అని పెద్దక్షరాల్లో ఉంది. కింద క్రిమియా బొమ్మ.

కాకినాడ:
మరి డిపాజిట్ సంగతేటండి? ఉగాది ఖర్చులు పోయాక ఖాతాలో మిగిలింది చూస్తే మీకే నవ్వొస్తుందండి. అది రాకపోతే ఇంకో హాలు మాట ఎత్తకండి.

తెనాలి:
డిపాజిట్ తర్వాత. ముందు ఆ మనిషికి ఎవరైనా ఫోన్ చేసి చెప్పండి, మనం ఎవరి గురించి మాట్లాడబోతున్నామో. ఆ ఇంటిపెద్ద వ్లదిమిర్ ద్మీత్రియెవిచ్ నబోకొవ్. ఆయన తండ్రి ఇద్దరు జార్ల దగ్గర న్యాయశాఖ మంత్రిగా చేశాడు. ఆ ఇంట్లో పుట్టి, క్రిమినల్ లా పాఠం చెప్పుకుంటూ, 1903లో కిషినెవ్‌లో యూదుల మీద జరిగిన ఊచకోతను ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని పత్రికలో రాశాడు. దర్బారు బిరుదు ఊడింది. ఊడితే ఏం చేశాడు? దర్బారు కోటు అమ్మబడును అని పేపర్లో ప్రకటన వేశాడు! 1906లో మొదటి డూమాలో, అంటే రష్యా పార్లమెంటులో, కూర్చున్నాడు. జార్ దాన్ని రద్దు చేస్తే, పన్నులు కట్టకండి, సైన్యానికి మనుషుల్ని ఇవ్వకండి అని వీబోర్గ్‌లో సంతకం పెట్టినవాళ్ళలో ఆయనొకడు. దానికి మూడు నెలలు జైలు. 1917లో జార్ తమ్ముడు మిఖాయిల్ నాకీ సింహాసనం వద్దని రాసిచ్చిన కాగితం తయారు చేసింది కూడా ఈయనే, ఇంకొకాయనతో కలిసి. ఆ ఏడాది చివర్లో బొల్షివిక్కులు ఈయన్నే పట్టుకుని కొన్నాళ్ళు లోపల వేశారు. ఇలాంటివాడి పేరు చెప్పుకుంటే బెర్లిన్‌లో హాలు ఇవ్వరట!

ఓరుగల్లు:
మాస్టారూ, మీ బాధ అర్థమైతది. కాని ఒక మాట అడుగుత, కోపం తెచ్చుకోవద్దు. యాభైమంది నౌకర్లున్న ఇల్లది. మేనమామ సచ్చిపోతూ పదిహేడేండ్ల పెద్దకొడుక్కి రెండు వేల ఎకరాలు, బంగ్లా రాసిచ్చిపోయిండు. అది పోయిందని మనం గౌన్లు కిరాయికి తెచ్చి ఏడ్వాల్నా? మా తాత సాయుధ పోరాటంల దొర గడి మీదికి పోయినోడు. ఇంట్ల ప్రగతి, రాదుగ పుస్తకాలు చదివి పెరిగినం. నేను ఈ నాటకం ఒప్పుకున్నదే పిల్లల కోసం.

తెనాలి:
ఏడవమని ఎవరన్నారు? నువ్వు చదివిన పుస్తకాలు మాస్కోలో అచ్చయినవి. అక్కడ ఈ పెద్దకొడుకు, రచయిత వ్లదిమిర్ నబోకొవ్, రాసింది ఒక్క పేజీ అచ్చు కావడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సంగతి మీ తాతకి చెప్పు.

ఓరుగల్లు:
మా తాత జోలికి రావద్దు మాస్టారూ.

కాకినాడ:
ఇంతకీ ఆ కొడుకు... ఆ ‘లోలిత’ నవల రాసినాయనేనాండి? మా ఆవిడ అడుగుతోంది, పిల్లల్తో కార్యక్రమం ఏంటని.

తెనాలి:
ఆయనే. ఆ నవల ఇక్కడ ఎవరూ ఎత్తట్లేదు బావగారూ. మీరు డిపాజిట్ చూసుకోండి.

కర్నూలు:
ఏమప్పా, ఒకరినొకరు కొరుక్కుంటే హాలు వస్తాదా? నా మాట కూడా వినండి. మా పక్క ఫ్లాట్లో ఉండే ఆమె యుక్రెయిన్ యుద్ధం వల్ల ఖార్కివ్ నుంచి 2022లో పిల్లని ఎత్తుకుని వచ్చింది. పోస్టర్ ఆమెకి చూపించినా. తప్పు పట్టలేదు, కానీ క్రిమియా బొమ్మ చూసి మొహం తిప్పుకుంది. హాలు వాళ్ళు బుర్ర పెట్టి ఆలోచించలేదు, నిజమే. భయపడినారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మాస్టారు వాళ్ళకి ఫోన్లో డూమా చరిత్ర చెబితే ఇంకా భయపడతారు.

విజయనగరం:
క్రిమియా బొమ్మ తీసేద్దామా? ‘ఒక యూరోపియన్ కుటుంబం’ అని మార్చి మళ్ళీ అడుగుదామా?

తెనాలి:
పేరు దాచుకుని చేసే సభ నాకొద్దు. క్రిమియా తీసేస్తే కథే లేదు. వాళ్ళు పెట్రొగ్రాద్ (అప్పట్లో పీటర్స్‌బర్గ్ పేరు) నుంచి అక్కడికే పారిపోయారు, గాస్ప్రాలో తెలిసినవాళ్ళ ఎస్టేటులో తలదాచుకున్నారు. ఈయన అక్కడి ప్రాంతీయ ప్రభుత్వంలో న్యాయమంత్రిగా కూడా చేశాడు. 1919 ఏప్రిల్లో ఎర్రసైన్యం రేవు మీదికి కాల్పులు జరుపుతుంటే ఎండుపళ్ళు మోసే గ్రీకు ఓడ ఎక్కారు. తండ్రీ పెద్దకొడుకూ డెక్ మీద కూర్చుని చదరంగం ఆడుకున్నారట, గుళ్ళ మోత వినిపిస్తుండగానే. మీరు వద్దంటే నేను తప్పుకుంటా, స్లైడ్లు ఎవరికైనా ఇస్తా.

నెల్లూరు:
మాస్టారు ప్రతి ఏడాదీ తప్పుకుంటానే ఉంటారు. పులిహోరకి చింతపండు నానబెట్టాల్నా వద్దా, అది తేల్చండి.

పాలమూరు:
నమస్తే అందరికీ, నేను కొత్త. మాస్టర్స్ చేస్తున్న. ఒక డౌట్. మార్చి 28నే ఎందుకు? ఈసారి శనివారం పడిందని పెట్టిన్రా?

తెనాలి:
శనివారం కలిసొచ్చింది నాయనా. 1922 మార్చి 28న ఆ తండ్రి నబోకొవ్‌ని చంపారు, ఈ ఊళ్ళోనే. బెర్న్‌బుర్గర్ వీధిలో పాత ఫిల్‌హార్మోనీ హాలు. పారిస్ నుంచి మిల్యుకొవ్ అనే రష్యన్ నాయకుడు వచ్చి అమెరికా గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆయనా నబోకొవూ ఒకే పార్టీ, కానీ అప్పటికి విభేదాలొచ్చి విడిపోయారు. అయినా ఆయన్ని బెర్లిన్‌కి సాదరంగా ఆహ్వానిస్తూ తన పత్రిక ‘రూల్’లో రాసింది నబోకొవే. ఇద్దరు రాచరికవాదులు మిల్యుకొవ్ మీద కాల్పులు మొదలుపెట్టారు. నబోకొవ్ ఎగిరి ఒకణ్ణి పట్టుకుని కింద పడేశాడు. రెండోవాడు వెనక నుంచి కాల్చాడు. మిల్యుకొవ్‌కి ఏమీ కాలేదు. ఇంట్లో పెద్దకొడుకు అమ్మకి కవితలు చదివి వినిపిస్తుంటే ఫోన్ మోగింది.

పాలమూరు:
అంటే చంపింది బొల్షివిక్కులు కాదా? నేను ఇన్నిరోజులు అట్లనే అనుకున్న.

తెనాలి:
కాదు. జార్ జైల్లో పెట్టాడు, బొల్షివిక్కులు తరిమారు, జార్ భక్తులు చంపారు. ఇద్దరు హంతకులూ కొన్నేళ్ళకే బయటికొచ్చారు. వాళ్ళలో తబోరిత్స్కీ అనేవాడికి 1936లో నాజీలు ఇక్కడి రష్యన్ కాందిశీకుల వ్యవహారాలు చూసే ఆఫీసులో పెద్ద కుర్చీ ఇచ్చారు. మరుసటేడు పెద్దకొడుకూ, ఆయన యూదు భార్యా, చిన్న పిల్లాడూ జర్మనీ విడిచారు.

ఓరుగల్లు:
గిది ముందే చెప్తే అయిపోవు గద. మీరు ఏడాది నుంచి గ్రూపుల ముత్యాలు, బంగ్లాల ఫొటోలే పెడుతున్నరు.

తెనాలి:
ముత్యాలూ కథలో ఉన్నాయమ్మా. తల్లి ముత్యాల హారం అమ్మితేనే కేంబ్రిడ్జ్ ఫీజు కట్టారు.

పాలమూరు:
ఇంకో డౌట్. ఆ పాత ఫిల్‌హార్మోనీ ఇప్పుడుందా? ఉంటే అక్కడనే పోయి నిలబడి చెప్పుకుందాం కదా, హాలెందుకు?

విజయనగరం:
1944లో బాంబులు పడి పోయిందది. కానీ వీధి ఉంది. అన్‌హాల్టర్ స్టేషన్ శిథిలం దగ్గర్నుంచి రెండడుగులు.

కర్నూలు:
పాలమూరు తమ్ముడూ, నువ్వు కొత్తోడివైనా పనికొచ్చే మాట చెప్పినావు. మైదానంలో సభ పెడితే పర్మిషన్ల గోల. ఇరవైమంది కలిసి నడుచుకుంటా పోతే ఎవరడుగుతారు?

తెనాలి:
నడిస్తే... సమాధి కూడా ఇక్కడే ఉంది. టేగెల్‌లో రష్యన్ ఆర్థడాక్స్ శ్మశానం, విట్టె వీధి. అన్‌హాల్టర్‌లో ఎస్25 లోకల్ రైలు ఎక్కితే టేగెల్ దాకా బండి మారక్కర్లేదు. నేనెళ్ళాను. చిన్న నీలి గుమ్మటాల చర్చి, చుట్టూ చెట్లు. రష్యా నుంచి రైళ్ళలో మట్టి తెప్పించి పరిచారంటారు అక్కడ.

కాకినాడ:
ఏబీ జోన్ టికెట్ చాలుగా? చాలామందికి నెల పాస్ ఉంది. అంటే హాలు అద్దె సున్నా. నాకిది బానే ఉందండి.

విజయనగరం:
శ్మశానం ఆఫీసుకి ఫోన్ చేశాను. గుంపుగా రావచ్చు, పూలు పెట్టొచ్చు, మైకు వద్దు అన్నారు. ఏ దేశం వాళ్ళు మీరు అని మాత్రం అడిగారు. తెలుగువాళ్ళం అని చెప్తే, ఓహో అన్నారు.

నెల్లూరు:
మైకు వద్దంటే దేవుడున్నట్టే. శ్మశానంలో పులిహోర తినకూడదబ్బా, మా అమ్మ చంపేస్తది. బయట బెంచీల కాడ డబ్బాల్లో ఇస్తా. టీ ఫ్లాస్కులు ఎవరెవరి దగ్గర ఉండాయో చెప్పండి, చలి ఉంటది.

ఓరుగల్లు:
పిల్లలతోని ఇట్ల చేద్దాం. నలుగురికి నాలుగు కార్డులు. ఒక్కొక్క మనిషి గురించి నాలుగు లైన్లు, ఆగిన కాడల్ల ఒకలు చదువుతరు. తల్లి యెలేనా కార్డు నేను రాసిన, చూడుండ్రి: ‘భర్త పోయినంక నేను ప్రాగ్ పోయిన. చెక్ సర్కారు ఇచ్చే చిన్న పింఛనుతోని బతికిన. భర్త ఉంగరం నా వేలికి పెద్దగైతది, అందుకని దాన్ని నా ఉంగరానికి నల్లదారంతోని కట్టుకున్న. సబ్బుల పెట్టె మీద పచ్చగుడ్డ పరిచి ఫొటోలు పెట్టుకున్న. 1939ల పోయిన.’ ఎక్కువైందా?

తెనాలి:
ఒక్క ముక్క తీయొద్దు. పెద్దకొడుకు అంత్యక్రియలకి రాలేకపోయాడు, అది కూడా చేర్చు.

ఓరుగల్లు:
చేరుస్త. రెండో కొడుకు సెర్గేయ్ కార్డు మాత్రం పిల్లలకు ఇయ్య, నేనే చదువుత. మగవాణ్ణి ప్రేమించిండని 1941ల నాజీలు లోపలేసిన్రు. ఇడిసిపెట్టినంక మల్ల వాళ్ళనే తిట్టిండు. 1945 జనవరిల నోయెన్‌గమ్మె క్యాంపుల సచ్చిపోయిండు. అన్న గురించి అందరు చెప్తరు, ఈయన గురించి ఎవ్వరు చెప్పరు.

పాలమూరు:
వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ గురించి కూడా ఒక కార్డు పెడదామా? సరోజినీ నాయుడు తమ్ముడు, హైదరాబాద్‌ల పుట్టిండు. గా 1920లల్ల ఆయన కూడ ఈ ఊర్లనే ప్రవాసంల ఉన్నడు, బ్రిటిషోళ్ళు పట్టుకుంటరని ఇండియాకు పోలేడు. ఇక్కడి నుంచి మాస్కోకి పోయిండు. 1937ల స్టాలిన్ పోలీసులు కాల్చి చంపిన్రు.

కాకినాడ:
ఇది రష్యన్ కుటుంబం కార్యక్రమమండి. ఇంకో గంట పొడిగిస్తే మా పిల్లలు ఉండరు.

తెనాలి:
రైల్లో చెప్పమనండి బావగారూ. టేగెల్ దాకా ఖాళీగా కూర్చునేదేగా. ఇద్దరికీ పరిచయం ఉందని మాత్రం అనకు నాయనా, అలాంటి ఆధారం నేను చూళ్ళేదు. ఒకడు మాస్కో నుంచి పారిపోయి ఇక్కడికొస్తే, ఇంకొకడు ఇక్కడి నుంచి మాస్కోకే పోయాడు. అంతవరకు చెప్పు.

ఓరుగల్లు:
మాస్టారూ, పీటర్స్‌బర్గ్ నుంచి కదా వచ్చింది.

తెనాలి:
పట్టుకున్నావే. సరే, పీటర్స్‌బర్గ్.

విజయనగరం:
కొడుకు చాలాకాలం ఉన్న నెస్టర్ వీధి 22 ఇల్లు? గోడకి ఫలకం కూడా ఉంది.

కర్నూలు:
అది ఊరికి ఇంకో మూల. టేగెల్ నుంచి అక్కడికంటే రాత్రయితాది. ఆసక్తి ఉన్నోళ్ళు ఆదివారం మాస్టారితో పోండి. ఇంకొకటి: మా పక్కింటామెకి మళ్ళీ చెప్పినా, పోస్టర్ లేకుండా, జరిగింది జరిగినట్టు. నడకకి తానూ వస్తానంది, కూతురితో. ఎవరూ ఆమెని పట్టుకుని రాజకీయం మాట్లాడద్దండి, ముఖ్యంగా బావగారు.

కాకినాడ:
నేనెందుకు మాట్లాడతానండి. డిపాజిట్ వెనక్కి వేస్తామని హాలు వాళ్ళు మెయిల్ పెట్టారు, అది చెబుదామని వచ్చాను. పూలకి అందులోంచి తీస్తున్నా. తెల్లవా, ఎర్రవా?

తెనాలి:
ఎర్రవి వద్దండీ బాబూ.

ఓరుగల్లు:
😂 తెల్లయి కొనుండ్రి.

విజయనగరం:
మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అన్‌హాల్టర్ స్టేషన్ శిథిలం ముందు కలుద్దాం. పోస్టర్ లేదు, ఈ మెసేజ్ మీ మీ గ్రూపుల్లో పెట్టేయండి చాలు. వాన పడ్డా నడక ఆగదు.

నెల్లూరు:
మా చిన్నోడి స్ట్రోలర్ తెస్తే ఎస్‌బాన్ దగ్గర లిఫ్టు ఉందా?

పాలమూరు:
ఉందన్నా. కాని పోయిన వారం పనిచేయలే. మెట్ల కాడ నేను పట్టుకుంట, మీరు పులిహోర డబ్బాలు పట్టుకోండి.