ఈ వారం సమస్య (చివరి పాదం మేమిస్తాం, అది పొసిగేలా మిగతా పద్యం మీరు పూరించాలి): «పెన్ను పిన్ను పన్ను పెనము నొకటె»

నిర్వాహకుడు, బరంపురం: మనవరాలి ఇంగ్లీషు వర్క్‌బుక్కులో ఒకే పేజీలో కనబడ్డ మాటలివి. ముందు పీ, వెనక ఎన్, నడుమ ఒక అచ్చు. ఏ పెడితే ప్యాన్, అంటే పెనం. ఈ పెడితే పెన్, ఐ పెడితే పిన్, యూ పెడితే పన్, అంటే శ్లేష. ఆటవెలది చివరి పాదంగా ఇస్తున్నాను. ఐదూ సూర్యగణాలే (గురువు-లఘువు గానీ, మూడు లఘువులు గానీ), «పె»కు «పె» యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం సరిపడడం). పన్నును సుంకంగా తీసుకున్నా, దంతంగా తీసుకున్నా అభ్యంతరం లేదు. నాలుగూ ఒకటెలా అయ్యాయో మాత్రం పద్యమే చెప్పాలి.

పర్లాకిమిడి మాస్టారు:

అచ్చులన్ని తీయ నాంగ్లపు మాటలో
హల్లు రెండు మిగులు నంతె కాదె!
పీయు నెన్నుఁ జూచి పిల్లాడి పలుకిది
పెన్ను పిన్ను పన్ను పెనము నొకటె

నిర్వాహకుడు: అందరికంటే ముందు వచ్చారు మాస్టారూ, శుభం. యతులు చక్కగా కుదిరాయి. «పిల్లాడి» అన్నది వాడుక రూపం. గ్రాంథికం పట్టింపు ఉంటే «పిల్లల పలుకిది» అంటే గణం చెడదు. అయినా గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వచ్చిన పద్యంలో వాడుక మాటను తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు. అసలు చిక్కు వేరే ఉంది. మీ పిల్లాడు హల్లులు చూస్తున్నాడు కదా, మరి పెనంలో ఎన్ తర్వాత «ము» ఎక్కడిది? మూడు మాటలు ఇంగ్లీషు చప్పుడుతో, నాలుగోది తెలుగు అర్థంతో వచ్చి కూర్చున్నాయి. వాటిని కలిపే సందర్భం పద్యంలో దొరకలేదు.

పర్లాకిమిడి మాస్టారు: సమస్యలోనే ఆ మెలిక పెట్టింది తమరు!

నిర్వాహకుడు: పెట్టాను. విప్పే పని మీది.

జయపురం కుర్రాడు: పద్యం పూర్తి కాలేదు సార్, ఒక్క పాదమే కుదిరింది. పెన్ అన్న మాట లాటిన్‌లో ఈకకు ఉన్న పేరు నుంచి వచ్చిందట. ఈక మొన చెక్కి సిరాలో ముంచి రాసిన రోజులవి.

ఈక పేరు లాటినందు పెన్న

నిర్వాహకుడు: విషయం బాగుంది, యతి తప్పింది. «ఈ»కి «నం» చెల్లదు బాబూ. «ఈక పేరు పెన్న యిటలిలోన» అను, ఈ-ఇ కలుస్తాయి. ఇటాలియన్‌లో ఇప్పటికీ ఈకనీ కలాన్నీ ఆ మాటతోనే పిలుస్తారు కాబట్టి నిజమూ చెడదు. పెన్నా నది అనుకుంటారేమోనని దిగులు వద్దు, ఇటలి అన్నాక ఎవరూ నెల్లూరు వెళ్లరు. మిగతా పాదాలు పంపు.

రాయగడ కోడలు: నాకు ఛందస్సు కొత్త. తప్పులుంటే చెప్పండి.

బ్యాంకు మెట్టు లెక్కఁ బ్రశ్నలు వేసిరి
ఒకటి లేద టంచు నుసురు దీసి
తిరిగి తిరిగి విసిగి దిగులొందె మా యత్త
పెన్ను పిన్ను పన్ను పెనము నొకటె

నిర్వాహకుడు: కొత్త అంటే నమ్మేలా లేదమ్మా! «వేసిరి» తర్వాత అచ్చుతో మొదలుపెట్టారు, అక్కడ విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేయడం. «యొకటి» అనండి, యతి అలాగే నిలుస్తుంది. సంతకానికి పెన్ను, కార్డుకు పిన్ను, లెక్కలకు పన్ను. ఇంతవరకు అందింది. పెనం ఎందుకొచ్చింది?

రాయగడ కోడలు: పొద్దున్నే దోసె తిరగేస్తూ వేడి పెనం అంచు పట్టుకుందండీ మా అత్తయ్య. వేలు బొబ్బ కట్టింది. ఆ వేలితోనే ఫారాలు నింపింది. నాలుగూ ఒకటే అని గొణిగింది ఆవిడే, నేను గణాలు కుదిర్చానంతే. ఇంకోటి చెప్పనా? కౌంటర్ దగ్గర పాన్ కార్డు కోసం «పాన్ ఉందా?» అని అడిగితే, «నేను వేసుకోను నాయనా» అందట.

జయపురం కుర్రాడు: హహహ! కిళ్లీ అనుకున్నారా! ఒడియాలో తమలపాకు పానే కదా.

పర్లాకిమిడి మాస్టారు: ఆ బొబ్బ పద్యంలో ఉంటే మార్కులన్నీ మీవే. ఇప్పుడది వ్యాఖ్యానంలో ఉంది, పద్యంలో లేదు.

నిర్వాహకుడు: మాస్టారి మాటే నాదీను. కానీ కసురుకునే అత్తగారు పద్యంలో కనబడుతోంది. సమస్యలోని అసంగతానికి మాట్లాడే మనిషి దొరికితే సగం పూరణ అయినట్టే.

ఇచ్ఛాపురం మిత్రుడు: పిన్నంటే గుండుసూది, ఏటీఎం నంబరేనా? 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్ కోడ్ సంగతేమిటి? మాది 5తో మొదలు, గట్టు దాటితే ఒడిశా, మీది 7తో మొదలు. పెళ్లి శుభలేఖల మీద ఎవరో ఒకరు తప్పు రాస్తూనే ఉంటారు. దీని మీద పద్యం రాయబోయాను, అంకెలు గణాల్లో ఇమడక వదిలేశాను.

గోపాలపురం పెద్దాయన: పన్ అంటే శ్లేష అని మీరే చెప్పారు, ఒక్కరూ దాని జోలికి పోలేదు.

గుచ్చు సూది యొకటి, గుండెలోఁ బొడిచెడి
శ్లేష యొకటి, కాల్చు సెగల దొకటి,
వ్రాసి చంపు నొకటి వైరికిఁ జిక్కెనా!
పెన్ను పిన్ను పన్ను పెనము నొకటె

నిర్వాహకుడు: ఇదీ పూరణ! నాలుగు అర్థాలూ ఉన్నాయి, నాలుగూ బాధపెట్టేవే. పెనాన్ని పేరెత్తకుండా «సెగలది» అనడం నాకు మరీ నచ్చింది. «వ్రా»కు «వై» యతి కూడా తేలిగ్గా దొరికేది కాదు. ఈ వారం మొదటి స్థానం మీదే.

జయపురం కుర్రాడు: నా ఓటు మాత్రం అత్తయ్యకే.

నిర్వాహకుడు: లెక్కపెట్టాను, నీతో కలిపి ఆవిడకు మూడు ఓట్లు. నా నిర్ణయం మాత్రం మారదు.

వచ్చే వారం దత్తపది, అంటే ఇచ్చిన మాటలన్నీ వాడి పద్యం అల్లడం. పీ, ఎన్‌ల నడుమ «ఓ» పెడితే వాడుక మాట రాలేదు. పీ, టీల నడుమ ఐదు అచ్చులూ కుదురుతాయి: ప్యాట్ అంటే తట్టడం, పెట్ అంటే పెంపుడు జంతువు, పిట్ అంటే గొయ్యి, పాట్ అంటే కుండ, పుట్ అంటే పెట్టడం. కుండను పక్కన పెట్టి పట్టు, పెట్ట, పిట్ట, పుట్ట అన్న నాలుగు తెలుగు మాటలూ తేటగీతిలో వాడండి. వస్తువు బరంపురం పట్టుచీర. గడువు శనివారం రాత్రి.