కొరియాలో మేనేజర్ తండ్రి పోయారు, రేపు పరామర్శకి వెళ్ళాలి: పద్ధతులు చెప్పండి

ప్రశ్న (సువోన్_కొత్త)

సువోన్‌లో ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. మా మేనేజర్ తండ్రి ఈ రోజు పొద్దున్న పోయారు. అందరికీ కకావోటాక్‌లో (ఇక్కడి మెసేజ్‌ల యాప్) బుగో, అంటే చావు కబురు, వచ్చింది: ఆసుపత్రి, గది నంబరు, బారిన్ రోజు, కింద ఒక బ్యాంకు ఖాతా. రేపు సాయంత్రం టీమంతా కలిసి వెళ్తున్నారు. అక్కడ డబ్బు కవర్లో పెట్టి ఇస్తారట, ఎంత పెట్టాలి? లోపల ఏది ముందు, ఏది తర్వాత? నేను శాకాహారిని, భోజనానికి కూర్చోకుండా వచ్చేయొచ్చా?

జవాబు (హన్‌గాంగ్_ఒడ్డున)

బారిన్ అంటే శవాన్ని తీసుకెళ్ళే రోజు. మామూలుగా మూడో రోజు పొద్దున్న ఉంటుంది, దానికి దగ్గరివాళ్ళే వెళ్తారు. ఆఫీసువాళ్ళు అంతకుముందు సాయంత్రాలే వెళ్తారు కాబట్టి రేపు వెళ్ళడం సరైనదే.

నలుపు బట్టలు వేసుకోండి, లేకపోతే ముదురు బూడిద రంగో ముదురు నీలమో. సాక్సులు మాత్రం మర్చిపోకండి. లోపల చెప్పులు విప్పాలి, ఉత్త పాదాలతో పోయినాయన పటం ముందు నిలబడటం అమర్యాద.

సహోద్యోగి ఇంట్లో అయితే 50,000 వోన్లు మామూలు లెక్క. రోజూ కలిసి పనిచేసే మేనేజర్ కాబట్టి 1,00,000 పెట్టినా బాగుంటుంది. పదివేల నోట్ల లెక్క బేసిగా రావాలి: 30,000, 50,000, 70,000. ఆపైన 1,00,000 మాత్రం సరి లెక్కయినా ఫరవాలేదు. 40,000 అసలు వద్దు, నాలుగు అన్న మాట చావు అన్న మాటలా పలుకుతుంది. మన నూటపదహార్లలా పైన ఒకటి కలిపే పద్ధతి అక్కడ లేదు. తెల్ల కవర్లు ఆసుపత్రిలోని ఆ అంత్యక్రియల హాల్లోనే పెట్టి ఉంటాయి. వెనకవైపు ఎడమ మూల కింద మీ పేరు, విభాగం హంగుల్‌లో (కొరియా లిపిలో) రాయండి, ఎర్ర సిరా వాడకండి. పేరెందుకంటే ఆ కుటుంబం పద్దు రాసుకుంటుంది, రేపు మీ ఇంట్లో ఏదైనా జరిగితే అంతే తిరిగి ఇస్తారు. బుగోలో ఉన్న ఖాతా రాలేనివాళ్ళ కోసం. కవరు ఇచ్చాక దానికి మళ్ళీ పంపనక్కర్లేదు.

లోపలికి వెళ్ళగానే పుస్తకంలో సంతకం చేయాలి. కవరు అప్పుడే ఇచ్చేవాళ్ళున్నారు, దణ్ణం అయ్యాక ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. మీ టీమ్ ఎలా చేస్తే అలా చేయండి. తర్వాత బిన్సోలోకి, అంటే పటం ఉన్న గదిలోకి వెళ్తారు. గుంపుగా వెళ్తే పెద్దవాళ్ళొకరు అందరి తరఫున అగరువత్తి వెలిగిస్తారు, లేదా తెల్ల చామంతి పెడతారు. అగరువత్తి మీ చేతికొస్తే మంటను నోటితో ఊదకండి, చేత్తో విసిరి ఆర్పండి. అందరూ కలిసి మోకాళ్ళ మీద పూర్తిగా వంగి రెండు దణ్ణాలు, లేచాక నిలబడి ఒక చిన్న వంగుడు. అప్పుడు పక్కన నిలబడ్డ సాంగ్‌జు, అంటే కర్మ చేసే కొడుకు వైపు తిరిగి ఒక్క దణ్ణం. వాళ్ళూ మీకు పెడతారు. శిలువ ఉండి, వచ్చినవాళ్ళు తల వంచి ఊరుకుంటుంటే మీరూ అంతే చేయండి.

మాటలు తక్కువ ఉంటే మంచిది. "సమ్‌గా గోయినుయ్ మ్యోంగ్‌బోగుల్ బిమ్నిదా" (పోయినవారి ఆత్మకి శాంతి కలగాలి) అని నెమ్మదిగా అంటే చాలు. నోరు తిరక్కపోతే ఊరికే తల వంచండి, తప్పు కాదు. ఎలా పోయారని అడగొద్దు. మనం చావింటి నుంచి "వెళ్ళొస్తాం" అనం కదా, అలాగే అక్కడ "అన్న్యోంగ్‌హసేయో" (మామూలు నమస్కారం) అని పలకరించరు.

జవాబు (పప్పన్నం)

భోజనం సంగతి పైన రాలేదు. మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మనకి చావింట్లో మంచినీళ్ళు ముట్టుకోవడానికే మనసొప్పదు. అక్కడ కూర్చుని తినడమే పరామర్శలో పెద్ద భాగం: ఆ కుటుంబాన్ని ఒంటరిగా వదల్లేదని అర్థం. దణ్ణం పెట్టి వెంటనే వెళ్ళిపోతే వాళ్ళకి వెలితిగా అనిపిస్తుంది. కనీసం అరగంట ఉండండి.

అయితే ఒకటి గమనించండి: అడక్కుండానే తెచ్చిపెట్టే ఎర్రటి పులుసు చాలాచోట్ల యుక్కేజాంగ్. అది గొడ్డుమాంసంతో చేసింది. ముక్కలు పక్కకి తీసి తాగడం కుదరదు, పులుసే మాంసం ఉడికిన నీళ్ళు. గిన్నె పెట్టకముందే "కుగున్ క్వెన్‌చనాయో" (పులుసు వద్దండి) అని చెప్పండి. అన్నం, పళ్ళు, వేరుశెనగలు, బియ్యప్పిండి కేకులు తినొచ్చు. కిమ్చీలో చేపల ఊరగాయ కలుస్తుంది, మీ పట్టింపును బట్టి చూసుకోండి.

గ్లాసులు మాత్రం తాకించకండి. "కన్‌బే" (చీర్స్) అనరు.

సువోన్_కొత్త

చాలా ఉపయోగపడింది. ఇంకొకటి: వచ్చే నెల హ్వేసిక్, అంటే ఆఫీసువాళ్ళ విందు, ఉంది. నేను మందు తాగను. ఎలా చెప్పాలి?

జవాబు (రెండు_చేతులు)

ఒక్క అక్షరంలో ఉంది కీలకం. "ఆన్ మషోయో" అంటే తాగను, "మొన్ మషోయో" అంటే తాగలేను. మొదటిది ఇష్టం లేదన్నట్టు వినిపించి బతిమాలడం మొదలవుతుంది. రెండోది ఒంటికి పడదన్న అర్థమిస్తుంది, ఎక్కువమంది అక్కడితో వదిలేస్తారు. "సుల్ మొన్ మషోయో" అని మొదటి గ్లాసు దగ్గరే చెప్పండి. మూడో గ్లాసు దగ్గర చెబితే నమ్మరు.

గ్లాసు ఖాళీగా ఉంచకండి, సైదా పోయించుకోండి. కొరియాలో సైదా అంటే నిమ్మ సోడా, మందు కాదు. పెద్దవాళ్ళు పోస్తుంటే గ్లాసు రెండు చేతులతో పట్టాలి. మీరు పోసేటప్పుడు కుడిచేత్తో సీసా, ఎడమ చెయ్యి కుడి ముంజేతి కింద. వాళ్ళ గ్లాసు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా మళ్ళీ పోయకండి, సగం ఉన్నదాంట్లో కలపరు. మీకు మందు వద్దన్నా వాళ్ళకి పోయడం మానకండి. మర్యాదంతా అందులోనే కనిపిస్తుంది.

ఈచాకి, అంటే రెండో విడతకి, వెళ్ళనక్కర్లేదు. మొదటి చోటు నుంచి లేచేటప్పుడే సెలవు తీసుకోండి. ఎవరైనా పదేపదే బలవంతపెడితే, 2019 జూలై నుంచి అమల్లో ఉన్న పనిచోటు వేధింపుల నిబంధన కిందికి అదీ రావచ్చు.

హన్‌గాంగ్_ఒడ్డున

రేపటికి ఒకటి చెప్పడం మరిచాను. దణ్ణం ముందు చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి నిలబడతారు. మామూలు రోజుల్లో మగవాళ్ళకి ఎడమ చెయ్యి పైన, చావు దగ్గర కుడి చెయ్యి పైన. ఆడవాళ్ళకి సరిగ్గా తిరగేసి: రేపు ఎడమది పైన.